రౌటర్లు కొనే ముందు జాగ్రత్తలు

– మీ సంస్థకు రౌటర్ (నెట్‌వర్క్‌ను ఇంటర్నెట్‌కు కలిపే పరికరం) కొంటుంటే, ధర అడిగే ముందే ఆ మోడల్‌కు తయారీదారు మద్దతు ఎప్పటివరకు ఉంటుందో అడగండి. రౌటర్లు తయారుచేసే సిస్కో కంపెనీ హార్డ్‌వేర్‌కు అమ్మకాలు ఆపిన తేదీ నుంచి సాధారణంగా 5 ఏళ్లు మద్దతు ఉంటుంది. భారీ తగ్గింపు చూపిస్తే ఆ గడువు ఇప్పటికే మొదలైందేమో చూడండి. భద్రతా సవరణలు అందని రౌటర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు కలపడం ఎంత చౌకైనా తగదు.

– చెడిపోయిన రౌటర్‌కు బదులు మరొకటి ఇచ్చే మద్దతు ఒప్పందంలో ‘మరుసటి పనిదినం’ అన్న మాటను నిదానంగా చదవండి. కొన్నిచోట్ల అది బదులు యంత్రం మీకు అందే రోజు, మరికొన్నిచోట్ల గోదాము నుంచి బయలుదేరే రోజు మాత్రమే. శుక్రవారం రాత్రి చెడిపోతే సోమవారం దాకా ఎదురుచూపే. ఆదిలాబాద్‌లోనో శ్రీకాకుళంలోనో మీ శాఖ ఉంటే, ఆ ఊరికీ హామీ వర్తిస్తుందని రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట చాలదు.

– అందుకే ముఖ్యమైన చోటికి అదే మోడల్ స్పేర్ ఒకటి కావాలి. సీలు విప్పని పెట్టె స్పేర్ కాదు. అదే సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఎక్కించి, తాజా కాన్ఫిగరేషన్ (సెట్టింగుల) నకలు దగ్గర ఉంచుకుని, అప్పుడప్పుడూ ఆన్ చేసి పరీక్షించాలి. సాఫ్ట్‌వేర్ లైసెన్సు రౌటర్ సీరియల్ నంబరుకు ముడిపడి ఉంటే, దాన్ని స్పేర్‌కు ఎలా మారుస్తారో కొనేముందే తేల్చుకోండి.

– పవర్ సప్లై, ఫ్యాన్, ఆప్టికల్ మాడ్యూళ్లకూ (ఫైబర్ కేబుల్‌ను రౌటర్‌కు కలిపే చిన్న భాగాలు) స్పేర్లు ఉండాలి. వేరే కంపెనీ మాడ్యూళ్లను కొన్ని రౌటర్లు అంగీకరించవు.

– సీరియల్ నంబర్లు మీ సంస్థ పేరుతోనే తయారీదారు వద్ద నమోదయ్యాయని చూశాకే పూర్తి సొమ్ము చెల్లించండి.