వణుకుడు రోగికి ఈఈజీ తీసేటప్పుడు

పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ముదిరి, ముఖ్యంగా మతిమరుపు, ఆలోచనలో జాప్యం మొదలయ్యాక మెదడు విద్యుత్ అలలు నెమ్మదిస్తాయి. తల మీద తీగలు పెట్టి ఈ అలలను నమోదు చేసే పరీక్షే ఈఈజీ. ఆల్ఫా అల (8–13 హెర్ట్జ్, అంటే సెకనుకు 8–13 సార్లు) తగ్గి, నెమ్మదైన థీటా అల (4–8) పెరుగుతుంది. చిక్కేమిటంటే, ఈ జబ్బులో చేతి వణుకు కూడా సెకనుకు 4–6 సార్లే. తల మీద తీగ కదిలితే చాలు, రికార్డులో అది అచ్చం థీటాలాగే పడుతుంది.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం నుంచి ఈ పరీక్షకు బరంపురం బయల్దేరే పెద్దవాళ్లు తలకు నూనె పెట్టుకుని దువ్వుకుని వస్తారు. ముందు రోజే షాంపూతో తలంటుకోమని, తర్వాత నూనె వద్దని కబురు పంపండి. నూనె ఉంటే ఎలక్ట్రోడ్ (తీగ చివర తలకు అతికించే బిళ్ల) పట్టదు.

ఈ జబ్బుకు వాడే లెవోడోపా మాత్ర డాక్టరు చెప్పకుండా ఆపించకండి. ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు బిగుసుకుపోయి ప్రమాదకరమైన జ్వరం రావచ్చు. ఆఖరి మాత్ర ఎన్ని గంటలకు వేశారో కాగితం మీద రాయండి. మళ్లీ తీసినప్పుడు మాత్రకూ పరీక్షకూ మధ్య అంతే ఎడం ఉండాలి, లేకపోతే పోలిక చెల్లదు. క్లోనాజెపామ్ (నిద్రకు, ఆందోళనకు ఇచ్చే మాత్ర) వాడుతుంటే అదీ రాయండి, అది వేగపు అలలను పెంచుతుంది.

10–20 పద్ధతిలో (తలను కొలిచి చోట్లు గుర్తించే ప్రామాణిక పద్ధతి) తల మీద 19 ఎలక్ట్రోడ్లు పెట్టి, ఒక్కోచోట ఇంపిడెన్స్ (చర్మం దగ్గర కరెంటుకు అడ్డు) 5 కిలోఓమ్‌ల లోపుకు తేవాలి. తీగలన్నీ ఒక కట్టగా కట్టి, మెడ కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. ఎక్కువ వణికే ముంజేతి కండరం మీద 2–3 సెంటీమీటర్ల ఎడంలో రెండు ఎలక్ట్రోడ్లు అదనంగా అతికించండి. ఈ ఒక్క పని మాత్రం వదలొద్దు. చేతి గీత, తల గీత ఒకే లయలో నడిచిన ముక్కను పక్కన పెట్టేయాలి. ఉక్కపోత రోజుల్లో గది ముందే చల్లబరచండి, చెమట పడితే గీత మెల్లగా పైకీ కిందికీ ఊగుతుంది.

కనీసం 20 నిమిషాలు తీయండి. ఈ రోగులకు పగలు కునుకు ఎక్కువ, కునికినా థీటా పెరుగుతుంది. అందుకే నిమిషానికోసారి పలకరించాలి. ఇంట్లో తెలుగే మాట్లాడే పెద్దావిడకు ఒడియాలో చెబితే అందుకోవడం ఆలస్యం కావచ్చు. "కళ్లు మూసుకోమ్మా" అని కూతురి చేత చెప్పించండి. మెలకువగా, కళ్లు మూసుకున్న 2–3 నిమిషాల శుభ్రమైన ముక్కలో తల వెనుక భాగపు లయ చూడండి. 8 హెర్ట్జ్ కంటే తక్కువైతే నెమ్మదించినట్టే.

ఒళ్లు బిగుతుతో ముడిపడిన బీటా అల (13–30 హెర్ట్జ్) మెదడు లోతులో, సబ్‌థలామిక్ న్యూక్లియస్‌లో దొరుకుతుంది. తల మీది బీటా చూసి బిగుతు అంచనా వేయకండి. దానికి అదే రోజు డాక్టరు ఒళ్లు పరీక్షించి, ఎండీఎస్-యూపీడీఆర్‌ఎస్ (పార్కిన్సన్స్ తీవ్రతకు మార్కులు వేసే పట్టిక) మూడో భాగంలో, అంటే కదలికల పరీక్షలో, 132కు ఎంత వేశారో రికార్డు మీదే రాసిపెట్టండి.