ఉప్పునీటి అక్వేరియంలో మొదటి చేపకు ముందు: బెజవాడ ఇంట్లో సైక్లింగ్ చేసే పద్ధతి

సముద్రపు చేపల కోసం అక్వేరియం పెట్టుకున్నవారు నీరు నింపిన రోజు నుంచి మొదటి చేపను వదిలే రోజు వరకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగవలసి ఉంటుంది. ఈ వ్యవధిలో జరిగే పనినే సైక్లింగ్ అంటారు. బయటికి తొట్టె ఖాళీగా కనిపించినా, రాళ్ల మీదా ఇసుక రేణువుల మీదా ఆ చేపలను బతికించబోయే బ్యాక్టీరియా అప్పుడే స్థిరపడుతూ ఉంటుంది.

చేప తన మొప్పల ద్వారా నిరంతరం అమ్మోనియాను విడుస్తుంది; మిగిలిపోయిన మేత కుళ్లినా అదే పుడుతుంది. ఒక రకం సూక్ష్మజీవులు ఈ అమ్మోనియాను నైట్రైట్‌గానూ, మరో రకం ఆ నైట్రైట్‌ను చాలా తక్కువ హాని కలిగించే నైట్రేట్‌గానూ మారుస్తాయి. మొదటి పనిని బ్యాక్టీరియాతో పాటు ఆర్కియా అనే వేరే వర్గపు సూక్ష్మజీవులు కూడా చేస్తాయని రుజువు చేసిన నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్‌ను, అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో ఒక ఉప్పునీటి తొట్టె నుంచే వేరుచేసి, 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అమ్మోనియాలోని విషపూరితమైన భాగం నీటి పీహెచ్, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ పెరుగుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దరిదాపుల్లో ఉంటుంది కనుక, మంచినీటి తొట్టెలో గోల్డ్‌ఫిష్ తట్టుకునే మోతాదు ఇక్కడ ప్రాణాంతకం కావచ్చు.

నా మొదటి తొట్టెకు వారం నిండగానే రెండు డామ్సెల్ చేపలను వదలమని, అవి గట్టి చేపలని, సైక్లింగ్ వాటితోనే అయిపోతుందని అమ్మినవారు చెబితే నమ్మాను. నాలుగో రోజు పొద్దుటికి రెండూ నీటి పైకి వచ్చి గాలి కోసం నోరు తెరుస్తున్నాయి, సాయంత్రానికి చనిపోయాయి. ఒక ప్రాణిని విషంలో ఉంచి బ్యాక్టీరియాను పెంచడం తప్పని ఆనాటి నుంచి నేను గట్టిగా నమ్ముతున్నాను. చేప లేకుండానే ఆ పని చక్కగా జరుగుతుంది.

ఉదాహరణకు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టెను తీసుకుందాం. రాళ్లు, ఇసుక పోగా దానిలో దాదాపు 160 లీటర్ల నీరు పడుతుంది. ఆ నీరు ఎక్కడిదన్నది మొదటి ప్రశ్న. విజయవాడ కుళాయిల్లో వచ్చే కృష్ణ నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేస్తారు, అది బ్యాక్టీరియాకు శత్రువు. బోరు నీటిలో లవణాలు ఎక్కువ. ఇంటికి వచ్చే ఇరవై లీటర్ల క్యాన్ నీటిలో కూడా తాగడానికి అనువుగా ఉంచిన లవణాలు ఉంటాయి కాబట్టి నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో కొలవకుండా వాడకూడదు. ఆర్ఓ ఫిల్టరు నీటిని, మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఐ రెజిన్ గుండా పంపి, మీటరు సున్నా చూపిస్తేనే నిశ్చింత. మంగినపూడి నుంచో సూర్యలంక నుంచో డ్రమ్ములతో సముద్రపు నీరే తెచ్చుకుంటే పోదా అని చాలామందికి తోస్తుంది. అయితే డెల్టా తీరపు నీటిలో ఒండ్రు ఎక్కువ, వరదల కాలంలో దాని ఉప్పదనం పడిపోతుంది, పైగా ఒడ్డు నీటిలో ఏమేం కలిశాయో కంటితో చూసి తెలుసుకోలేము. కొత్తవారికి నేను ఆ దారి సూచించను.

ఉప్పు విషయంలో రాజీ పనికిరాదు. వంటింటి ఉప్పులో గాని కల్లుప్పులో గాని సముద్రజీవులకు అవసరమైన కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్లు తగినంత ఉండవు. అక్వేరియం కోసం తయారుచేసిన మెరైన్ సాల్ట్‌నే కొనాలి. మన 160 లీటర్లకు సుమారు ఆరు కిలోలు పడుతుంది. నీటిలో ఉప్పును కొద్దికొద్దిగా వేయాలి తప్ప ఉప్పు మీద నీరు పోయకూడదు, పోస్తే కొన్ని లవణాలు కరగకుండా తెల్లగా అడుగున చేరతాయి. పంపు నడుపుతూ ఒక రోజంతా కలిపిన తరువాత రిఫ్రాక్టోమీటరుతో కొలిస్తే 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు), అంటే మంచినీటితో పోల్చిన సాంద్రతలో 1.026 దగ్గర ఉండాలి. రొయ్యల చెరువుల వారు సాలినిటీ చూసే పరికరమే ఇది, ఆక్వా దుకాణాల్లో దొరుకుతుంది. అయితే 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకున్నాకే దాని మాట నమ్మాలి.

రాళ్ల దగ్గర చట్టాన్ని కూడా గుర్తుంచుకోవాలి. గట్టి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు కనుక, మన సముద్రం నుంచి తీసిన పగడపు రాయిని లైవ్ రాక్ పేరుతో ఎవరు అమ్మజూపినా కొనకూడదు. సన్నని రంధ్రాలతో తయారుచేసిన కృత్రిమ రాయి, అరగొనైట్ ఇసుక సరిపోతాయి. బ్యాక్టీరియా నీటిలో తేలుతూ ఉండదు, ఇలాంటి ఉపరితలాలను పట్టుకుని ఉంటుంది. అందుకే నీరు మార్చినా అది పోదు.

ఇక అసలు పని. బ్యాక్టీరియాకు ఆహారంగా ప్రయోగశాల స్థాయి స్వచ్ఛత గల అమ్మోనియం క్లోరైడ్‌ను వాడాలి. ఇది మన నవాసాగరమే, కానీ గిన్నెలకు కళాయి వేయడానికి బజారులో అమ్మే నవాసాగరంలో ఏ లోహాలు కలిసి ఉంటాయో తెలియదు కనుక అది వద్దు. మన తొట్టెకు ఒక గ్రాము వేస్తే అమ్మోనియా దాదాపు 2 పీపీఎం (పది లక్షల వంతుల్లో 2 వంతులు) అవుతుంది. ఆపైన, పాలకు తోడు వేసినట్టు, నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా సీసా ఒకటి పోస్తే వారాలు కలిసి వస్తాయి. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది: చెరువులకు అమ్మే ప్రొబయోటిక్‌లలో ఎక్కువగా ఉండేవి బాసిల్లస్ జాతులు, అవి అడుగున చేరిన వ్యర్థాన్ని కుళ్లబెడతాయి తప్ప మనకు కావలసిన మార్పును చేయవు. పైగా నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా బాసిల్లస్‌లా విత్తనంలాంటి గట్టి రూపం (స్పోర్) దాల్చి ఎండను తట్టుకోలేదు. మే నెలలో కొరియరులో మూడు రోజులు మగ్గిన సీసాలో ప్రాణం ఎంత మిగులుతుందో ఊహించవచ్చు.

సీసా పోసిన రోజుల్లో సూక్ష్మజీవులను చంపే యూవీ దీపం, నురుగుతో వ్యర్థాన్ని బయటికి తీసే స్కిమ్మర్ ఆపి ఉంచాలి. లైట్లు కూడా వద్దు, వెలుగు ఉంటే బ్యాక్టీరియాకన్నా ముందు నాచు అందుకుంటుంది.

రెండు రోజులకొకసారి అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ కిట్లతో పరీక్షించి, తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాయాలి. మొదట అమ్మోనియా అలాగే నిలిచి ఉంటుంది. రెండో వారంలో అది దిగుతూ నైట్రైట్ ఎక్కడం మొదలవుతుంది. ఆ తరువాత వచ్చే దశే మనిషి ఓపికను పరీక్షిస్తుంది, ఎందుకంటే నైట్రైట్ రంగు కిట్టులోని చివరి గడి దగ్గరే రోజుల తరబడి ఆగిపోతుంది. రెండో రకం బ్యాక్టీరియా మొదటిదానికన్నా ఆలస్యంగా అందుకుంటుంది, అంతే. అమ్మోనియా సున్నాకు వచ్చిన ప్రతిసారీ తొందరపడి మళ్లీ పూర్తి మోతాదు వేస్తే నైట్రైట్ ఇంకా పేరుకుపోతుంది కాబట్టి, ఈ దశలో వారానికి ఒకసారి సగం మోతాదు చాలు. అమ్మోనియాను 5 పీపీఎం దాటనివ్వకూడదు. నైట్రేట్ కిట్టును అప్పుడే నమ్మకండి: అది నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి కొలిచే పరీక్ష కనుక, నీటిలో అప్పటికే నైట్రైట్ ఉంటే అంకె ఎక్కువగా చూపిస్తుంది. మూడు, నాలుగు వారాలకు ఇసుక మీద గోధుమరంగు పొర కమ్మితే అది డయాటమ్ నాచు, కొత్త తొట్టెలో సహజం.

మన ఊరి ఎండను తేలికగా తీసుకోరాదు. బ్యాక్టీరియా 30 డిగ్రీలను ఓర్చుకుంటుంది గాని చేపకు 25 నుంచి 27 డిగ్రీలు కావాలి. నీటిని చల్లబరిచే చిల్లర్ గాని, పగలూ రాత్రీ ఏసీ నడిచే గది గాని లేనివారు వేసవిలో మొదలుపెట్టకపోవడమే మంచిది. కార్తీకమాసంలో నీరు నింపితే సంక్రాంతికి తొట్టె సిద్ధమవుతుంది, చలి రాత్రులకు ఒక హీటరు చాలు. నీటి మీదికి ఫ్యాను పెట్టి చల్లబరిచేవారికి నీరు చాలా వేగంగా ఆవిరవుతుంది. ఉప్పు ఆవిరి కాదు కనుక గాజు మీద గీత గీసుకుని, తగ్గిన మేరకు ఉప్పు కలపని శుద్ధమైన నీటినే పోయాలి. వేడి నీటిలో ఆక్సిజన్ కూడా తక్కువగా నిలుస్తుంది. కరెంటు పోయి నీటి కదలిక ఆగితే ఊపిరాడక ఈ బ్యాక్టీరియా కూడా దెబ్బతింటుంది, కాబట్టి ఇన్వర్టరు మీద పంపును గాని, బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపును గాని సిద్ధంగా ఉంచుకోవాలి.

సైక్లింగ్ పూర్తయిందా లేదా అన్నది క్యాలెండరు చెప్పదు. మళ్లీ ఒక గ్రాము వేసి సరిగ్గా ఇరవై నాలుగు గంటల తరువాత చూసినప్పుడు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. మరుసటి రోజు ఇదే పరీక్షను మరోసారి చేయడం నా అలవాటు. అప్పుడు పేరుకున్న నైట్రేట్‌ను తగ్గించడానికి సగం నీటిని, అంతే ఉప్పదనం, అంతే ఉష్ణోగ్రత ఉన్న కొత్త నీటితో మార్చాలి. చేప రావడానికి ఆలస్యమైతే బ్యాక్టీరియా ఆకలితో తగ్గిపోకుండా రెండు మూడు రోజులకొకసారి అర గ్రాము వేస్తూ ఉండాలి, చేపను తెచ్చే ముందు రోజు మాత్రం మానేయాలి.

మొదటగా హ్యాచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంటను తీసుకోవడం మంచిది. వీటిని మన దేశంలోనే పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది, అలాంటి చేప తొట్టె జీవితానికి, చేతి మేతకు అలవాటుపడే వస్తుంది. మొదటి రెండు వారాలు మేతను చిటికెడుకు మించనీయకుండా రోజూ అమ్మోనియా చూడండి. రంగు ఏమాత్రం మారినా మేత ఆపి, ముందే కలిపి ఉంచిన ఉప్పునీటితో పావు వంతు మార్చండి. మూడో చేప సంగతి ఆ రెండు వారాలూ సున్నాతో గడిచాకే.