వేరుశనక్కాయకు బూజు పట్టకుండా చూసుకోవడం ఎలా

పల్లీలు తింటుంటే మధ్యలో ఒక గింజ చేదుగా తగులుతుంది, ఆ చేదు పోవాలని ఇంకో నాలుగు నోట్లో వేసుకుంటాం. ఆ చేదు గింజ తగిలితే మింగకుండా ఉమ్మేయండి, నోరు పుక్కిలించండి. దానికి ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ అనే పచ్చటి బూజు పట్టి ఉండొచ్చు, ఆ బూజు తయారుచేసే విషం పేరు అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్ళు లక్ష దాకా చచ్చిపోయాయి, కారణం వెతికితే చివరికి బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. మనుషుల్లో ఇది కాలేయ క్యాన్సర్ తెస్తుంది, హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకైతే ముప్పు ఎన్నో రెట్లు. వేయిస్తే కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, కాబట్టి బూజు పట్టకముందే చూసుకోవాలి.

ఈ బూజు మన నేలలోనే ఉంటుంది. కాయ ఊరే చివరి నెలలో వాన ముఖం చాటేసి నేల వేడెక్కితే మొక్క నీరసిస్తుంది, అప్పుడు ఇది కాయలోకి దూరుతుంది. అనంతపురం లాంటి వర్షాధార భూముల్లో దీని బెడద అందుకే ఎక్కువ. బోరు ఉంటే ఆ టైములో ఒక్క తడైనా ఇవ్వండి. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ పెంకు గట్టిపడుతుంది, చెదలు కొరికిన కాయలోకి, పగిలిన కాయలోకి బూజు తేలిగ్గా పోతుంది కాబట్టి పెంకు గట్టిగా ఉండటం ముఖ్యం.

నేలలో మనకు తోడు నిలిచే బూజు కూడా ఉంది, ట్రైకోడెర్మా. చెడ్డ బూజులకు తిండి, చోటు దక్కనివ్వదు, వాటినే తినేస్తుంది. బాగా మాగిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా పొడి 2 కిలోలు కలిపి, నీళ్ళు చిలకరించి, చెట్టు నీడలో కుప్పపోసి గోనెపట్టాలు కప్పండి. రెండు వారాల పాటు తడి ఆరనివ్వకండి. ఆ తర్వాత ఆఖరి దుక్కిలో, నేలలో పదును ఉన్నప్పుడు చల్లండి. అది ప్రాణమున్న మందు, ఎండలో పెట్టినా, బూజు మందులతో కలిపినా చచ్చిపోతుంది.

అసలు నష్టం మాత్రం ఎక్కువగా పీకిన తర్వాతే జరుగుతుంది, నా మాట నమ్మండి. పీకినప్పుడు కాయలో 40 శాతం దాకా తేమ ఉంటుంది, దాన్ని 8, 9 శాతానికి తేవాలి. పనివాళ్ళు దొరకలేదనో, మబ్బు పట్టిందనో పచ్చి చెట్లను అలాగే పెద్ద కుప్పగా వేస్తే రెండు రోజుల్లో లోపల ఆవిరి పుట్టి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, మా పెదనాన్న కళ్ళంలో నేను కళ్ళారా చూశాను, పైన బంగారంలాంటి కాయ, కింద అంతా పచ్చటి పొడి. అలా కాకుండా చెట్లను తిరగేసి, కాయలు పైకి ఉండేలా చాళ్ళల్లో పరచండి. గాలీ ఎండా తగిలి త్వరగా ఆరతాయి. కాయలు తెంపాక టార్పాలిన్ మీద పలచగా పోసి తిరగేస్తూ ఉండండి, రాత్రి మంచు పడకుండా కప్పండి. కాయను చెవి దగ్గర ఊపితే గలగలమనాలి, గింజను బొటనవేలితో నలిపితే పొట్టు ఊడిపోవాలి, అప్పుడే సంచుల్లోకి ఎత్తండి. సంచుల కింద చెక్కలు వేసి, గోడకు ఆనకుండా పేర్చండి.

ఒక్క పని మాత్రం దయచేసి చేయకండి. కాయలు ఒలిచే మిషన్‌లో వేసేటప్పుడు గింజ ముక్కలవకుండా కాయల మీద నీళ్ళు చల్లే అలవాటు చాలా ఊళ్ళలో ఉంది, ఇన్ని రోజులు ఆరబెట్టిన కష్టమంతా ఆ నీళ్ళతో పోతుంది. ఐరోపా దేశాలు నేరుగా తినే పల్లీల్లో ఈ విషం కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే ఒప్పుకోవు, మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు.

ఇక కొనుక్కునే మన సంగతి. పల్లీలు కిలోల కొద్దీ తెచ్చి వానాకాలమంతా ఉంచుకోకండి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోయండి. వేయించే ముందు పళ్ళెంలో పోసి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పుచ్చినవి, ముక్కలైనవి ఏరేయండి. చూడ్డానికి బాగున్న గింజలో విషం అస్సలు ఉండదని కాదు, కానీ అది ఎక్కువగా ఉండేది ఆ కొద్ది చెడ్డ గింజల్లోనే, కాబట్టి పది నిమిషాలు ఏరితే చాలా వరకు తగ్గుతుంది. గానుగ నూనె ఆడించుకునేవాళ్ళు ఇది ఇంకా గట్టిగా పట్టించుకోవాలి, శుద్ధి చేయని నూనెలోకి విషం కొంత దిగుతుంది.

ఏరేసినవి పారేయడానికి మనసొప్పక గేదెకు పెడతారు చాలామంది. గేదె తిన్న విషం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది, ఆ పాలు ఇంట్లో పిల్లలే తాగుతారు. కోళ్ళకూ వద్దు. గొయ్యి తీసి పూడ్చేయండి.