చలికాలంలో పల్లె బడి: పొద్దున తొలి గంటను కాపాడుకునేదెట్లా

కర్నూలు జిల్లాలో చలేంది సార్ అని నవ్వేవాళ్లే ఎక్కువ. ఎండాకాలం 42 డిగ్రీలు మోసే ఊళ్లు మావి, లంబసింగి ఏమీ కాదు. అయితే డిసెంబర్‌లో తెల్లారేసరికి 15, 16 డిగ్రీలకు దిగిన రోజున, కొళాయి దగ్గర చన్నీళ్లతో మొహం కడుక్కుని, పలచటి యూనిఫాం ఒక్కటే తొడుక్కుని వచ్చి, నేరుగా బండల మీద కూర్చోవాల్సిన ఆరేళ్ల పిల్లను అడగండి చలి ఉందో లేదో. మా వైపు బడుల్లోనూ ఇళ్లల్లోనూ నేలకు పరిచేది ఎక్కువగా బేతంచెర్ల బండ, లేదంటే కడప బండ. మే నెలలో ఆ బండ మీద వాలితే ప్రాణం లేచొస్తుంది. పుష్యమాసంలో అదే బండ పిల్లల్ని ఇంటికి తరుముతుంది.

నేను ఆదోని వైపు ఒక పల్లెలో ఎస్‌జీటీని, అంటే చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ని. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, తల్లిదండ్రుల కమిటీల్లో ఉన్నవాళ్లు అడుగుతుంటారు కాబట్టి, మేము చేసి బాగుపడినవీ, చేసి నాలుక కరుచుకున్నవీ రెండూ రాస్తున్నా. నా లెక్కలో చలికాలపు బడి అంతా పొద్దున 9 నుంచి 10 దాకా ఉండే ఆ ఒక్క గంటలోనే ఉంది. అది చేజారితే మధ్యాహ్నం అన్నానికి వచ్చి పోయే పిల్లలే మిగులుతారు. దాన్ని నిలబెట్టడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, ఊళ్లోవాళ్ల చేతులు కావాలి.

ముందు పిల్లలు ఎందుకు ఆలస్యమవుతున్నారో చూడండి, బద్ధకమని తేల్చేయొద్దు. ఈ కాలంలో మా వైపు పత్తి తీత. ఆడవాళ్లు ఆరు, ఆరున్నరకే సద్ది కట్టుకుని ఆటో ఎక్కేస్తారు. ఇంట్లో మిగిలేది నాలుగో తరగతి అక్క, ఒకటో తరగతి తమ్ముడు. ఆ అక్కే తమ్ముణ్ని లేపాలి, తన జడ తనే వేసుకోవాలి, కోడిపిల్లల్ని గంప కింద మూసి తలుపుకు గడియ పెట్టి రావాలి. అంత చేసి వచ్చిన పిల్లను ఆలస్యమైందని గేటు దగ్గర నిలబెడితే మర్నాడు అసలుకే రాదు. మొదటి ఏడాది మేము నిలబెట్టాం, వారం తిరక్కుండానే తెలిసొచ్చింది.

ఇప్పుడు వీధికి ఒక అవ్వను పెట్టుకున్నాం. పనికి పోలేని అవ్వలు ఏ వీధిలోనైనా ఉంటారు, పొద్దున్నే నీరెండకు అరుగు మీద కూర్చునే ఉంటారు. ఎనిమిదింపావుకు "లెయ్యండిరా, బడికి టైమాయె" అని నాలుగు తలుపులు తట్టడం, అంతే వాళ్ల పని. అంతకు మించి అడగొద్దు. తలలు దువ్వమనో, బడి దాకా దిగబెట్టి పొమ్మనో అంటే రెండు రోజులు చేసి మోకాళ్ల నొప్పులంటారు, అందులో తప్పు లేదు. ఇంకొకటి, అడగడానికి టీచరే ఆ అరుగు దగ్గరికి పోవాలి. పిల్లలతో కబురు పంపితే జరగదు. "అవ్వా, నా మాట వినరు గానీ నీ మాట వింటారు" అని చెప్పి చూడండి. మా దగ్గర ఒక అవ్వ చేతికర్రతో తలుపులు తడుతుంది, ఆ కర్ర చప్పుడు వీధి మొదట్లో వినబడగానే చివరింటి పిల్లలు కూడా లేస్తారు.

మీటింగ్ సంగతి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. పేర్లన్నీ పుస్తకంలో ఉంటాయి, కానీ మధ్యాహ్నం మూడింటికి మీటింగ్ పెడితే పత్తి చేలో ఉన్న మనిషి ఎట్లా వస్తుంది? దీపావళి అయిన వారంలో, రాత్రి ఏడున్నర దాటాక, బడిలో కాకుండా గుడి కట్ట దగ్గర పెట్టండి. అరగంట చాలు. చందా అనే మాట మాత్రం ఎత్తొద్దు, అది వినబడగానే వెనక వరస మెల్లగా లేచిపోతుంది. ఇంటికి ఒక పాత నూలు చీర, ఉన్నవాళ్లు ఒక గోనెసంచి, ఓపిక ఉన్నవాళ్లు ఒక పూట సూది పట్టడం, ఇట్లా చేతికి కనబడేవి అడగండి. లేదనే ఇల్లు నాకింతవరకు తగల్లేదు.

ఆ చీరలు దేనికంటే బొంతలకు. మా బడిలో పెద్ద తరగతులకు బెంచీలున్నాయి, ఒకటి, రెండు తరగతులు నేల మీదే. ప్లాస్టిక్ పట్టలు పరిచి చూశాం, వాటితో చలి ఆగలేదు. చివరికి అవ్వల బొంతే గెలిచింది. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు వస్తుంది, రెండు చీరలు కలిపితే ఆరు పొరలు. కింద గోనెపట్ట వేసి, మీద చీరలు పరిచి, నాలుగు అంచులూ ముందు టాకాలు వేసుకుని, ఆ తర్వాత జానెడు దూరానికొక వరస చొప్పున పొడుగు కుట్లు వేసుకుంటూ పోవాలి. గోనె వైపు మామూలు సూది విరుగుతుంది, దబ్బనం కావాలి. నూలు చీరలే తీసుకోండి, పాలిస్టర్ చీర జారుతుంది, వెచ్చదనం అంతంతమాత్రం. గోనెసంచుల్ని కర్రతో బాగా దులిపి రెండు రోజులు ఎండలో పడేశాకే వాడాలి, లేకపోతే ఆ దుమ్ముకు పిల్లలు తుమ్ముతూనే ఉంటారు. ఒక బొంత మీద నలుగురు కూర్చుని ముందర సంచులు పెట్టుకోవచ్చు. కుట్టడానికి ఒక ఆదివారం పెట్టుకుంటే సరిపోతుంది, బొరుగులు, బుడ్డలు (వేరుశనగలు), టీ ఉంటే చాలు, ఊరి మాటలన్నీ ఆ ఒక్క పూటలోనే తెలుస్తాయి. (నా పెళ్లి సంబంధం మాట కూడా అక్కడే మొదలైంది, అది వేరే కథ.) సాయంత్రం బెల్లు కొట్టాక బొంతల్ని ప్రహరీ గోడ మీద ఆరేయడం ఐదో తరగతి వాళ్ల వంతు.

తొలి గంట లోపల కూర్చోబెట్టకండి. ప్రార్థన కూడా బిల్డింగ్ నీడలో కాకుండా ఎండ పడే వైపు పెట్టండి. తర్వాత బొంతలు అక్కడే పరిచి, పిల్లల వీపులు ఎండకు తగిలేటట్టు కూర్చోబెట్టాలి. ఎదురుగా కూర్చుంటే కళ్లు చికిలిస్తారు, పాఠం వినరు. అప్పుడు ఎండ మన కళ్లలో పడుతుంది, టోపీ పెట్టుకోండి, పిల్లలు రెండు రోజులు నవ్వి ఊరుకుంటారు. ఆ గంటలో రాత పని వద్దు, వేళ్లు కొంకర్లు పోయి అక్షరాలు వంకర తిరుగుతాయి. ఎక్కాలు, పొడుపు కథలు, గట్టిగా చదవడం, నోటి లెక్కలు పెట్టుకోండి. నీడల పాఠానికి ఇంతకన్నా మంచి కాలం లేదు, ఒక కర్ర పాతి 9:15కు, 9:45కు నీడ కొలిపిస్తే కొలతలు కూడా అయిపోతాయి. పదిన్నరకల్లా లోపలికి పోవాల్సిందే, డిసెంబర్ అయినా మన ఎండ మన ఎండే.

చలిమంట వేయొద్దు. ఈ మాట విడిగా రాస్తున్నా, ఎందుకంటే చూడ్డానికి అది చాలా ముచ్చటగా ఉంటుంది. మేమూ ఒక ఏడాది పత్తికట్టె తెచ్చి గ్రౌండులో వేశాం, నాలుగో రోజు నిప్పురవ్వ ఎగిరి ఒక పాప లంగా అంచు మీద పడింది. చేత్తో నలిపేశాం, చిన్న బొక్క పడింది అంతే, కానీ ఆ పూట నాకు అన్నం దిగలేదు.

స్వెటర్ల దగ్గర కొంచెం నేర్పు కావాలి. సర్కారు కిట్‌లో బట్టలు, బూట్లు, సంచి వస్తాయి, స్వెటర్ రాదు. కర్నూల్లోనో ఆదోనిలోనో ఉన్న స్నేహితులు పాతవి పంపుతామంటే తప్పకుండా తీసుకోండి, కానీ వరసగా నిలబెట్టి పంచి ఫొటో తీసి గ్రూపులో పెట్టొద్దు. "అది మా అన్నది, నువ్వేసుకున్నావ్" అని ఒక్క పిల్లవాడు అన్నా చాలు, వేసుకున్నవాడు మళ్లీ దాన్ని ముట్టడు. మేమేం చేశామంటే వరండాలో తాడు కట్టి అన్నీ దాని మీద వేశాం. అవి బడివి. పొద్దున చలేసినవాళ్లు తీసి వేసుకుంటారు, ఎండెక్కాక తిరిగి తాడు మీద వేస్తారు. స్వెటర్ ఉన్నవాళ్లు కూడా రంగు నచ్చి బడి స్వెటరే వేసుకుంటున్నారు, దాంతో ఎవరికి ఉంది, ఎవరికి లేదు అనే మాటే పోయింది. వారానికోసారి ఉతికి ఎండేయాలి. మంకీ క్యాపులు, తలకు కట్టే స్కార్ఫులు మాత్రం పంచుకోనివ్వొద్దు, ఒక తల పేలు బడంతా తిరుగుతాయి.

చెంపలు, పెదాలు పగిలితే కొబ్బరినూనె చాలు. 24 డిగ్రీల కంటే దిగితే అది గడ్డకడుతుంది, సీసాను ఎండ పడే కిటికీలో పెట్టండి. అన్నం ముందు చేతులు కడుక్కోమంటే తప్పించుకుంటున్నారా, నీళ్లు చల్లగా ఉన్నాయని అర్థం. ఒక నల్ల డ్రమ్ము పొద్దున్నే నింపి ఎండలో ఉంచితే పన్నెండుకు గోరువెచ్చగా ఉంటాయి. జ్వరమొచ్చిన పిల్లను ఇంటికి ఒంటరిగా పంపొద్దు, ఇంట్లో ఎవరూ ఉండరు. ఏ పిల్లకు పగలు ఏ ఇల్లు దిక్కో ముందే రాసుకుని, ఆశా అక్క నంబర్ పక్కన పెట్టుకోండి.

బడి భోజనంలో వారానికి 3 రోజులు రాగిజావ ఉంది కదా, చలికాలంలో దానికి మించిన మందు లేదు, కాకపోతే వేడిగా అందాలి. వంట చేసే అక్కతో మంచిగా ఉండండి. పిండిని ముందు చన్నీళ్లలో కలిపి తర్వాత మరిగే నీళ్లలో పోస్తే ఉండ కట్టదు, ఇది ఆమెకు మనకన్నా బాగా తెలుసు. మనం చూడాల్సింది గ్లాసులు ముందే కడిగి వరసగా పెట్టి ఉన్నాయా అన్నదే. జావ రోజున తొమ్మిదికే హాజరు నిండుతుంది. మిగతా రోజుల్లో కూడా ఏదైనా వేడిది ఉంటే బాగుండునని నాకుంది, పుట్టినరోజుకు చాక్లెట్లు తెచ్చే ఇళ్లకు బొరుగులతో ఉగ్గాని చేసుకు రమ్మని చెప్పాం, ఇప్పటికి నెలకు రెండుసార్లైనా పడుతోంది.

ఇక సుగ్గి, అంటే కోత పనులకు ఊరు విడిచి వలస పోవడం. చలికి రాని పిల్లల్ని పైన చెప్పినవాటితో పిలుచుకోవచ్చు, ఊరే విడిచిపోయేవాళ్లను ఏం చేయాలి? కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు బడుల్లో పనిచేసే ఎవర్నైనా అడగండి. కొందరు దీపావళి దాటగానే, ఎక్కువ మంది సంక్రాంతి అయ్యాక గుంటూరు వైపు మిరపకాయల కోతకు బండెక్కుతారు. పిల్లలూ వెంటే. "పిల్లోన్ని ఈడనే ఇడ్సిపో అన్నా" అంటే ఒక తండ్రి నాతో అన్నాడు, "ఇడ్సిపోతే వానికి రాత్రి కూడెవరు పెడతారు సార్, పోకుంటే అప్పెట్ల తీరుతాది?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. చదువు విలువ మీద ఉపన్యాసం ఇచ్చి వాటిని దాటలేం, రాత్రి కూడు ఎవరు పెడతారో చూపించాలి.

అందుకని నవంబర్‌లోనే ఎవరు పోతున్నారు, ఎప్పుడు, పిల్లలు ఎవరి దగ్గర ఉండొచ్చు అని ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి. వలస పోయేవాళ్ల పిల్లల కోసం సమగ్ర శిక్షా కింద సీజనల్ హాస్టళ్లు పెడుతుంటారు, మీ మండలంలో ఉందేమో ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో ఆ నెలలోనే కనుక్కుని పేర్లు ఇచ్చేయండి. అవ్వాతాతలు ఉంటే వాళ్లతో మాట్లాడి, కట్టెలు, నీళ్లు మోసే పనిలో పక్కింటివాళ్లను కలపండి, అవ్వ ఒప్పుకోకపోవడానికి అసలు కారణం తరచుగా అదే. ఎంత చెప్పినా వెంట తీసుకుపోతారా, కోప్పడొద్దు. పుస్తకాలు సంచిలో పెట్టి, చదువుతున్న తరగతి, బడి పేరు, మీ ఫోన్ నంబర్ ఒక కాగితం మీద రాసి ముద్ర వేసి ఇవ్వండి. టీసీ ఇంకా చేతికి రాలేదని పిల్లను చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టం ప్రకారం కుదరదు, ఈ ముక్క ఆ తల్లిదండ్రులకు నోటికొచ్చేదాకా చెప్పండి. ఉగాదికి తిరిగొచ్చిన పిల్లను "ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావ్" అని కాకుండా "అక్కడ చెట్లు ఎంతెత్తున్నాయి" అని అడిగి చూడండి, గంటసేపు చెప్తుంది.

సంక్రాంతి సెలవులకు ముందు రోజు తల్లులతో బడి గ్రౌండులో ముగ్గులు వేయించండి, పత్తికి పోయినవాళ్లు వచ్చాక నాలుగు గంటలకు మొదలుపెట్టినా సరే. బహుమతులు పెట్టకపోతే గొడవలుండవు. సెలవుల్లో బొంతలు గదిలోనే వదిలేస్తే ఎలుకల పాలే, ఒకసారి మూడు పోగొట్టుకున్నాం.

చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుంది అంటారు కదా, ఆ తర్వాతి ఆదివారం బొంతలన్నీ ఉతికి, రెండు ఎండలు చూపించి, మడతల మధ్య వేపాకు వేసి ఇనప పెట్టెలో సర్దేయండి. ఎన్ని బొంతలు, ఎన్ని స్వెటర్లు, ఏ బొంతకు మళ్లీ గోనె వేయాలి అన్నది మూత లోపలి వైపు సుద్దముక్కతో కాకుండా పెయింట్‌తో రాయండి. మీకు బదిలీ అయినా వచ్చే టీచరుకు పెట్టె తెరవగానే కనబడుతుంది.