రికార్డులు పోయాయా? ముందు కాలమ్స్ రాసుకోండి

ల్యాప్‌టాప్ పోయినా, పెన్‌డ్రైవ్ కనబడకపోయినా నాకు మొదట వినబడే మాట ఒకటే: "అందులో పేర్లు లేవులెండి, ఎవరికీ చెప్పక్కర్లేదు." ఆ మాట నమ్మి ఊరుకోకండి. బ్యాకప్ కాపీ తెరిచి, అందులో ఉన్న ప్రతి కాలమ్ పేరూ ఒక కాగితం మీద రాయండి.

యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 4వ ఆర్టికల్ చూసేది పేరు ఉందా లేదా అని కాదు. మనిషి ఎవరో నేరుగా గానీ, వేరే వివరాలతో కలిపి గానీ తెలుసుకునే వీలుంటే అది వ్యక్తిగత డేటాయే. జీతాల షీటులో పేర్లు తీసేసి విభాగం, పుట్టిన తేదీ, చేరిన సంవత్సరం ఉంచారనుకోండి. ఆ విభాగంలో ఆ ఏడాది చేరింది ఒక్కరే అయితే, ఆ జీతం ఎవరిదో తోటివాళ్లు ఇట్టే చెప్పేస్తారు. పేరు బదులు కోడ్ పెట్టినా, ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా మీ దగ్గర ఉన్నంతకాలం మీ బాధ్యత తీరదు. 2016లో బ్రేయర్ కేసులో యూరోపియన్ యూనియన్ కోర్టు ఇంకాస్త ముందుకెళ్లింది: ఎప్పటికప్పుడు మారే ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఇచ్చే నంబరు) కూడా, దాని వెనకున్న మనిషిని కనుక్కోడానికి చట్టపరమైన దారి ఉంటే, వ్యక్తిగత డేటాయే.

కాలిఫోర్నియా పద్ధతి వేరు. డేటా బయటపడితే సంబంధిత మనుషులకు చెప్పాలనే అక్కడి నోటీసు చట్టం 2003లో అమల్లోకి వచ్చింది, దానికి ఒక జాబితా ఉంది: పేరుతోపాటు సోషల్ సెక్యూరిటీ నంబరో (అమెరికాలో ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య), డ్రైవింగ్ లైసెన్సు నంబరో, అలాంటివి ఎన్‌క్రిప్ట్ కాకుండా (తాళం లేకుండా చదవగలిగేలా) ఉన్నాయా అని చూస్తారు. మన జీతాల షీటు ఆ జాబితాలోకి రాకపోవచ్చు. అందుకే ప్రతి కాలమ్ ఎదురుగా ఏ చట్టానికి ఏ జవాబో విడివిడిగా రాయాలి.

భారత్‌లో 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం డీపీడీపీ డిజిటల్ డేటాకే వర్తిస్తుంది. స్కాన్ చేసిన కాగితాలు అందులోకి వస్తాయి, బీరువాలోని కాగితం రాదు. జీడీపీఆర్ అయితే పద్ధతిగా అమర్చిన కాగితపు ఫైళ్లనూ వదలదు.

"ఎవరి చేతిలోనూ పడలేదు, ఉత్తినే పోయింది" అన్నా లాభం లేదు. డేటా పొరపాటున పోయినా, నాశనమైనా జీడీపీఆర్ దృష్టిలో ఉల్లంఘనే. డేటా అందకుండా పోవడాన్ని కూడా డీపీడీపీ ఉల్లంఘనగానే లెక్కేస్తుంది. నాకైతే ఇది చాలా న్యాయంగా అనిపిస్తుంది. వైద్య రికార్డు మాయమైతే, దాన్ని ఎవరూ చదవకపోయినా రోగికి నష్టమే కదా.

జీడీపీఆర్ కింద, మనుషులకు ముప్పు ఉండే అవకాశం లేదని తేలితే తప్ప, విషయం తెలిసిన 72 గంటల్లోగా డేటా రక్షణ చూసే నియంత్రణ సంస్థకు చెప్పాలి. కాలమ్స్ జాబితా పూర్తి కాలేదని ఆగొద్దు, వివరాలు విడతలుగా ఇవ్వొచ్చు. చెప్పక్కర్లేదని తేల్చినా ఏం జరిగిందో రాసిపెట్టడం తప్పనిసరి. కాలమ్స్ రాసిన ఆ కాగితాన్నీ అందులోనే జతచేయండి.