జోలాపుట్ జలాశయంలో ట్యూబు మీద ఫ్లై ఫిషింగ్ (ఈగలాంటి ఎరతో చేపలు పట్టే) పోటీకి దిగే ముందు

ముందు ట్యూబు సంగతి, అంటే మనం కూర్చుని నీళ్ళమీద తేలే గాలి తిత్తి. రాత్రే గాలి నింపి ఇంట్లో వదిలేయండి. పొద్దునకి మెత్తబడితే లీకు ఉన్నట్టే. వాల్వు చుట్టూ, కుట్ల వెంట సబ్బునీళ్ళు రాయండి, బుడగలు లేచిన చోటే చిల్లు. ఒడ్డున ఎండలో ఉంచితే కొంచెం గాలి తీసేయాలి, లేకపోతే వేడికి ఉబ్బి కుట్లు విడిపోతాయి. చల్లటి నీళ్ళలో మళ్ళీ మెత్తబడుతుంది కాబట్టి దిగే ముందు ఇంకాస్త గాలి కొట్టండి.

లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. మచ్‌ఖండ్ ఏట్లో ఈత నేర్చినవాళ్ళకైనా ఇదే మాట.

ఫిన్స్‌ని, అంటే పాదాలకి తొడిగే ఈత రెక్కల్ని, చీలమండలకి తాడుతో కట్టుకోండి. ఒకటి జారిపోతే ట్యూబు తిన్నగా పోదు.

గాలి వీస్తుంటే వెళ్ళేటప్పుడే ఎదురు వెళ్ళండి. కాళ్ళు అలిసిపోయాక అదే వెనక్కి తోస్తుంది.

నాకు అన్నిటికన్నా భయం వలలంటేనే. ట్యూబు మీద వెనక్కి పోతాం కాబట్టి వలకి కట్టిన బెండ్లు కనబడవు, ఫిన్ చిక్కుకుంటుంది. ముందురోజు సాయంత్రమే అక్కడి జాలర్లని అడిగి వలలున్న చోట్లు తెలుసుకోండి. చిన్న కత్తి ఛాతీ దగ్గరే ఉండాలి.

కొక్కేనికి ఉన్న ఎదురుముల్లు పట్టకారుతో నొక్కేయండి. చలికాలం పొగమంచులో విజిల్, ఎర్ర టోపీ మర్చిపోవద్దు.