మెటల్ డ్రమ్మింగ్ వినడం ఎలా? ముందు కాళ్ల మీద చెవి పెట్టండి

మెటల్ (హెవీ మెటల్ రాక్ సంగీతం) అంటే ఒకటే మోత అని వదిలేసినవాళ్లలో చాలామంది దాన్ని ఫోన్ స్పీకర్లో విని ఉంటారు. అందులో కిక్ డ్రమ్, అంటే కాలితో పెడల్ తొక్కి మోగించే పెద్ద డ్రమ్, సగం కూడా వినపడదు, అసలు పని జరిగేదేమో అక్కడ. కాబట్టి మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఎవరు ఎక్కువ ఫాస్ట్ అనే గొడవ కాసేపు పక్కన పెట్టేయండి.

మొదట బ్లాక్ సబ్బాత్ బ్యాండ్. 1970 నాటి 'వార్ పిగ్స్'లో గిటార్ రెండు దెబ్బలు కొట్టి ఆగిపోతుంది, గాయకుడు ఆజీ పాడుతుంటాడు, వెనక డ్రమ్మర్ బిల్ వార్డ్ హై-హ్యాట్ (ఒకదాని మీద ఒకటి ఉండే రెండు సింబల్స్, అంటే లోహపు పళ్లేలు) మాత్రం ట్సిక్ ట్సిక్ అంటూ నడుస్తూనే ఉంటుంది. దాంతో పాటు మీరూ కాలు ఆడించండి. వార్డ్‌కి జాజ్ అంటే ప్రాణం, అందుకే బీటు బిగుసుకుపోకుండా కాస్త ఊగుతూ వస్తుంది.

తర్వాత మోటర్‌హెడ్ 'ఓవర్‌కిల్', 1979. డ్రమ్మర్ ఫిల్ టేలర్ రెండు కాళ్లతో డబుల్ బేస్ (కిక్ డ్రమ్‌ని రెండు కాళ్లతో మార్చి మార్చి మోగించడం) ఎత్తుకున్నాకే మిగతావాళ్లు వస్తారు, మెటల్‌కి ఈ పిచ్చి పట్టుకోవడంలో ఈ పాటకి పెద్ద వాటా ఉంది. దీని వెంటనే ఐరన్ మెయిడెన్ 'వేర్ ఈగిల్స్ డేర్' (1983) వేసుకోండి. నికో మెక్‌బ్రెయిన్ అదంతా ఒక్క పెడల్‌తో, ఒక్క కాలితో లాగించాడు. రెండు పాటలూ పక్కపక్కన వింటే తేడా చెవికే తెలిసిపోతుంది.

ఇక స్లేయర్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించిన డేవ్ లొంబార్డో. హవానాలో పుట్టినవాడు, నా లెక్కలో అందరికంటే గొప్పవాడు, మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. స్లేయర్ 1986 ఆల్బమ్ 'రెయిన్ ఇన్ బ్లడ్' మొత్తం అరగంట కూడా ఉండదు. అందులో మొదటి పాట 'ఏంజెల్ ఆఫ్ డెత్' చివరి నిమిషంలో గిటార్లన్నీ ఆగిపోయి కొన్ని సెకన్ల పాటు ఆయన రెండు కాళ్లే వినిపిస్తాయి. అక్కడ ప్లేబ్యాక్ స్పీడు 0.5కి తగ్గించండి. మోత కాస్తా విడివిడి దెబ్బలవుతుంది, ఏ రెండు దెబ్బల మధ్యా ఎడం తగ్గలేదని, పెరగలేదని అప్పుడు తెలుస్తుంది. మళ్లీ మామూలు స్పీడులో వినండి, ఈసారి కంగారుగా అనిపించదు.

మెటాలికా లార్స్ ఉల్రిక్‌ని ఇప్పుడు ఆన్‌లైన్‌లో అందరూ ఆడుకుంటారు గానీ, 1988లో వచ్చిన 'వన్' చివర్లో ఆ డబుల్ బేస్ విని డ్రమ్స్ మీద మోజు పడ్డవాళ్లు ఎంతమందో.

మెషుగా 'బ్లీడ్' (2008) ఆఖరికి ఉంచుకోండి. కర్ణాటక సంగీతం కాస్త నేర్చుకున్నవాళ్లైతే ఒళ్లో ఆది తాళం వేసుకుంటూ వినండి. టోమస్ హాకె చేతులు సింబల్ మీద నాలుగు లెక్క నింపాదిగా వేస్తుంటే కాళ్లు మాత్రం ఇంకేదో లెక్కలో పరిగెడుతుంటాయి. కాళ్ల వెంట పడితే తాళం తప్పుతారు. సింబల్‌నే పట్టుకుని ఉండండి, కాళ్లే తిరిగి తిరిగి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వచ్చి కలుస్తాయి.